ఖాళీ మూలకు విసిరిన బంతి

ఆ సాయంత్రం కోచక్క చూడవలసింది ఆటను. కానీ ఆమె కళ్ళు మాటిమాటికీ బెంచీ చివరికి పోతున్నాయి.

అక్కడ చిన్నకోడలు కూర్చుని ఉంది. చలికోటు జిప్పు మెడదాకా లాక్కుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో కొత్తగా చేరిన పిల్లలా బుద్ధిగా ఉంది. నడుం పైభాగం చూస్తే ఏ ఆలోచనా లేని మనిషనిపిస్తుంది. పాదాలు మాత్రం ఊరుకోవడం లేదు. కోర్టులో బంతి కుడికి పోతే ఆమె కుడి మడమ లేస్తోంది. ఎవరైనా పరుగు ఆపి వెనక్కి తిరిగితే ఈ పాదాలూ చెక్క నేలమీద జారి, వెనక్కి తిరుగుతున్నాయి. ఒకసారి బంతి అందుకున్న ఒక సన్నటి పిల్ల ఎవరికి ఇవ్వాలో తోచక దిక్కులు చూసింది. అప్పటికే బెంచీ కింద ఆ పాదాలు బంతి ఇచ్చేయడం, ముందుకు దూకడం, మళ్ళీ వచ్చి కుదురుగా ఆగడం అన్నీ చేసేశాయి.

కోచక్క ఆ పాదాలను ఇక చూడలేకపోయింది. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ మొహం కోర్టు వైపు తిప్పుకుంది.

అది ఆస్పత్రి లాండ్రీ జట్టు. ఊళ్ళో ఆడవాళ్ళు పనిచేసే చోట్లన్నీ కలిసి ఏటా పెట్టుకునే బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆడుతోంది. జట్టుకు ఉన్నదే ఏడుగురు. ఎంత ఎత్తుందో అంత అమాయకురాలైన నిచ్చెన, దుప్పట్ల వ్యాను నడిపే డ్రైవరమ్మ, క్యాంటీన్ వంటమ్మ, చిరుగులు కుట్టే విభాగంలో పనిచేసే సన్నటి పిల్ల సూది, ఎప్పుడో తప్ప దిగని గుమాస్తా. మిగిలిన ఇద్దరూ పెద్దకోడలు, చిన్నకోడలు. ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నదమ్ముల భార్యలు. ఒకే కప్పు కింద పడుకుంటారు, ఒకే బస్సులో పనికొస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

పోటీలు మొదలవకముందే పెద్దకోడలు కోచక్కను పక్కకు పిలిచి చెప్పేసింది. "చూడవే, నాకూ నీకూ ఉన్న స్నేహం మీద అడుగుతున్నా. ఆమె ఉన్నప్పుడు నన్ను దించకు. నేనున్నప్పుడు ఆమెను దించకు." కోచక్క సరేనంది. జట్టులో రింగుకు గురి కుదిరింది ఒక్క పెద్దకోడలికే. ఎడమ మూల నుంచి ఆమె బంతి వదిలిందంటే ఇక చూడక్కర్లేదు. కాబట్టి ప్రతి ఆటా ఆమెతోనే మొదలవుతుంది. ఆమెకు ఆయాసం వచ్చి కూర్చున్నప్పుడు మాత్రమే చిన్నకోడలు కోటు విప్పుతుంది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నన్నెందుకు ముందు దించరని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే కోచక్క ఏదో ఒక సమాధానం చెప్పి బయటపడేది. అడగకపోవడమే ఆమెకు ప్రాణం మీదికొచ్చింది.

ఆ రోజు పోస్టాఫీసు జట్టుతో ఆట. సగం అయ్యాక పెద్దకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని బయటికి వచ్చింది, చిన్నకోడలు లోపలికి వెళ్ళింది. మారేటప్పుడు ఆటగాళ్ళు ఎదురెదురుగా అరచేయి తట్టుకుంటారు. వీళ్ళిద్దరూ బస్సులో ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతున్నట్టు పక్కపక్కనుంచి జరిగిపోయారు.

చావు తప్పి ఆట గెలిచారు. సెమీఫైనల్‌కు చేరినందుకు వంటమ్మ నిచ్చెనను ఎత్తుకోబోయి కిందపడింది.

మెట్ల గట్టు మీద ఎప్పటిలాగే అత్తగారు కూర్చుని ఉంది. కోడళ్ళ ఆట ఒక్కటి కూడా వదలదావిడ. సంచిలోంచి నారింజ తీసి, తోలంతా ఒకే రిబ్బనులా వచ్చేట్టు ఒలిచి, తొనలు విడదీసి సగం పెద్దదానికి, సగం చిన్నదానికి ఇచ్చింది. ఒక తొన మిగిలితే తన నోట్లో వేసుకుంది. ఇటు పెడితే అటు కోపం, అటు పెడితే ఇటు కోపం మరి.

"పిన్నిగారూ, అసలు వీళ్ళకేమైంది?" అంది కోచక్క, ఆవిడ పక్కన కూలబడి. ఎన్నాళ్ళుగానో అడగాలనుకుంటూ అడగని ప్రశ్న.

"ఏమవుతుందమ్మాయ్. తువ్వాలు."

"తువ్వాలేంటి?"

"తడి తువ్వాలు. మంచం మీద పడేసి ఉంది. నువ్వు ఆరెయ్యాలంటే నువ్వు ఆరెయ్యాలనుకున్నారు. రోజంతా ఊరందరి గుడ్డలూ ఉతికి, ఆరేసి, మడతపెట్టి వస్తారా ఇద్దరూ, ఇంట్లో ఒక్క తువ్వాలు దగ్గర మాటా మాటా అనుకున్నారు. చివరికి ఆరేసింది నేను. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరు గమనిస్తే ఒట్టు." ఆవిడ నారింజ తోలు సంచిలో వేసుకుంది. "ఇప్పుడు ఉప్పు కావాలన్నా నా ద్వారానే. అత్తయ్యా, ఉప్పు ఇటివ్వమనండి. అత్తయ్యా, అక్కడే ఉందని చెప్పండి. నాకు నోరు నొప్పెడుతోంది."

సోమవారం లాండ్రీలో ఇస్త్రీ రోలర్ దగ్గర ఒక మనిషి తక్కువైంది. పెద్దకోడలితో రోజూ మడతలు పెట్టే ఆమె పంటినొప్పితో రాలేదు. మేనేజరు వచ్చి చూసి, ముందూ వెనకా ఆలోచించకుండా, మాసిన గుడ్డలు వేరుచేసే గదిలోంచి చిన్నకోడలిని పిలిపించి రోలర్ దగ్గర నిలబెట్టాడు. లాండ్రీలోనే లెక్కలు చూసే కోచక్క పరుగున వచ్చేసరికే అయిపోయింది. ఆయనకు ఏం చెప్పగలదు? తువ్వాలు సంగతి చెబుతుందా?

రోలర్ అంటే గదికి అడ్డంగా పడుకున్న పెద్ద ఉక్కు గొట్టం. లోపల ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. ఆ వైపు ఇద్దరు తడి దుప్పటిని సాపుగా పట్టి లోపలికి పెడితే, ఈ వైపు నుంచి అది పొగలు కక్కుతూ, కాగితంలా బయటికి వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే ఇద్దరు పట్టుకుని మడతపెట్టాలి. వెనక ఇంకొకటి వస్తూనే ఉంటుంది. ఒక్క మనిషి ఒక్క క్షణం తడబడినా దుప్పట్లు నేలమీద కుప్పపడతాయి. కొత్త జంట కుదరడానికి మామూలుగా వారం పడుతుంది. ఆ వారమంతా "ఇటు లాగు, కింద పట్టుకో, నీ కొసేది" అంటూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటారు.

కోచక్క లెక్క చూసే బల్ల దగ్గర నిలబడి, గుండె చిక్కబట్టుకుని చూస్తోంది.

మొదటి దుప్పటి వచ్చింది. చెరో రెండు కొసలు పట్టుకున్నారు. ఒకే అడుగు వెనక్కి వేశారు. ఒక్కసారి విదిలించారు; గుడ్డ టప్పుమని గాలి నింపుకుని సాపయింది. నిలువునా మడిచి దగ్గరికి నడిచారు. పెద్దకోడలు తన కొసలు అందిస్తే చిన్నకోడలు చూడకుండానే అందుకుంది. వేళ్ళ మీద వేళ్ళు పడ్డాయి. పెద్దకోడలు వంగి కింది మడత అందుకునేసరికి చిన్నకోడలు దాన్ని ఆమె చేతికి అందే ఎత్తుకు అప్పటికే లేపి ఉంచింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ దగ్గరికి. దొంతర మీద పెట్టారు. రెండోది వచ్చింది.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెద్దకోడలు గోడ గడియారం కేసి, చిన్నకోడలు కిటికీ కేసి చూస్తున్నారు. చేతులు మాత్రం పుట్టినప్పటి నుంచీ కలిసి పెరిగినట్టు పనిచేస్తున్నాయి. మధ్యాహ్నానికల్లా దొంతరలు తలల ఎత్తుకు లేచాయి. ఆవిరి గది దాటి వచ్చిన గుమాస్తా ఆగి, "ఇవాళేంటి, అరుపులు వినపడడం లేదు. మిషను ఆగిపోయిందా?" అంది.

కోచక్క బల్ల మీద రెండు చేతులూ ఆనించుకుని, తనలో తానే నవ్వుకుంది. చేతిలో ఇంత సరుకు పెట్టుకుని సగం సగం చేసి ఆడిస్తున్నానే అనుకుంది. ఆ పిల్లకు అన్యాయం చేస్తున్నానని మాత్రమే నిన్నటిదాకా బాధ. ఆటకే అన్యాయం చేస్తున్నానని ఇప్పుడు తెలిసింది.

ఇద్దర్నీ మొదటి అయిదుగురిలో దించాలి. అయితే ఎవరో ఒకరు బెంచీ ఎక్కాలి. వేళ్ళు మడిచి చూసుకుంటే ఆ ఒకరు సూదే. కుట్టు విభాగానికి వెళ్ళే దారంతా మాటలు కూర్చుకుంది. ఆ పిల్ల ఇరవై దాటని పిల్ల, ఏడుస్తుందేమోనని భయం.

సూది ఎవరిదో గౌనుకు ఊడిపోయిన జేబు కుడుతోంది. కోచక్క స్టూలు లాక్కుని, గొంతు సవరించుకుని, జట్టు కోసం, అందరి మంచి కోసం అంటూ ఎక్కడి నుంచో మొదలుపెట్టింది. సూది దారం పళ్ళతో తెంపి మొహంలోకి చూసింది.

"అంటే నేను మొదట దిగక్కర్లేదా?"

"ఈ ఒక్క ఆటకే. మళ్ళీ..."

"అక్కా, నిజంగానా?" సూది కుట్టుమిషను వదిలి లేచి నిలబడింది. "ఆట మొదలయ్యే ముందు నాకు కడుపులో తిప్పేస్తుందక్కా. ప్రతిసారీ వెళ్ళి కక్కుకుని వస్తాను. మధ్యలో దించితే ఏమీ ఉండదు. మొదట్లో అందరూ మననే చూస్తుంటారు చూడండి, అది నా వల్ల కాదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"ఎవరూ అడగలేదు కదా. మొదట దింపడం గౌరవమట, వంటమ్మ చెప్పింది. గౌరవాన్ని వద్దంటే బాగుండదని ఊరుకున్నా."

కోచక్క బయటికి వచ్చి, వరండాలో ఎవరూ లేరని చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు బుధవారం ప్రాక్టీసులో ఆవిరైపోయింది. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఆదివారం బస్ డిపో కండక్టర్లతో ఆట అనీ, వాళ్ళు గట్టివాళ్ళనీ చెప్పి, మొదటి అయిదుగుర్ని వరసగా చెప్పింది. అయిదో పేరు దగ్గర చిన్నకోడలు తల ఎత్తింది. పెద్దకోడలు బూటు తాడు కట్టుకుంటున్నది కాస్తా ఆపింది.

"ఆమె దిగితే నేను దిగను," అంది, బూటుకేసి చూస్తూనే.

"ఇద్దరూ కలిసి ఆడితే..."

"ముందే అనుకున్నాం కదా మనం. మాట ఇచ్చావు."

"ఇచ్చాను. ఇవ్వకూడని మాట ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా."

"అయితే నేను దిగను."

ఇన్నేళ్ళ స్నేహంలో కోచక్క ఆమెకు ఎదురు చెప్పింది లేదు. ఏ చీర కొనాలన్నా, పిల్లాడిని ఏ బళ్ళో వెయ్యాలన్నా ఈవిడనే అడిగేది. అలాంటిది నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"అయితే కూర్చో."

నిచ్చెన చేతిలోంచి బంతి జారి, టప్ టప్ మంటూ గోడదాకా వెళ్ళి ఆగింది. పెద్దకోడలు బూటు తాడు నిదానంగా ముడివేసి, లేచి, ఎప్పటిలాగే ప్రాక్టీసు మొత్తం చేసింది. కోచక్క వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు ఆ ఇంటి మౌనవ్రతంలో తననూ కలిపేశారని కోచక్కకు అర్థమైంది.

"అంటే మొదట మళ్ళీ నేనేనా?" అంది సూది, పొట్ట మీద చెయ్యి వేసుకుని, నీరసంగా.

పోయేముందు చిన్నకోడలు ఒక్కతే వచ్చి నిలబడింది. ఏదో అడగాలని వచ్చి, అడగలేక, చివరికి, "ఎడమ మూల ఎవరుంటారక్కా?" అంది.

"సూది ఉంటుందిలే. ఎందుకూ?"

"ఊరికే," అని తల ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు అత్తగారు పెద్దకొడుకు మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళుతూ లాండ్రీ గేటు దగ్గర ఆగింది. కోచక్క గబగబా వెళ్ళింది.

"నిన్న మా పెద్దదాన్ని కూర్చోమన్నావట కదా."

"తప్పు చేశానా పిన్నిగారూ?"

"ఏమో. ఇంటికొచ్చి గిన్నెలన్నీ తోమేసింది. తోమినవి కూడా మళ్ళీ తోమింది. చిన్నది తుడిచి పెడతానని పక్కన నిలబడితే ఒక్కొక్కటే అందించింది కూడా. మాటలు మాత్రం లేవు." ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడిచింది. "తప్పో ఒప్పో ఆదివారం తెలుస్తుంది. నేనైతే ఈసారి దిండు తెచ్చుకుంటాను. ఆ గట్టు మీద కూర్చోలేక నా నడుం పోతోంది."

ఆదివారం పెద్దకోడలు వస్తుందో రాదోనని కోచక్క గేటు వైపే చూస్తూ నిలబడింది. వచ్చింది. జుట్టు బిగించి, ఆట బట్టలు వేసుకుని, బూట్లు తుడుచుకుని వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనకుండా పోయి బెంచీ చివర కూర్చుంది. వెనక మెట్టు మీదే అత్తగారు దిండు వేసుకుని సిద్ధంగా ఉంది.

కండక్టర్ల జట్టు అంటే నోటి జట్టు. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేలా అరిచి అరిచి రాటుదేలిన గొంతులు. "కుడి కుడి కుడి", "వెనకాల చూడు", "వదిలెయ్ నేనున్నా" అంటుంటే రేకుల కప్పు అదిరిపోతోంది. ఆట మొదలైన కాసేపటికే వాళ్ళు ముందుకు పోయారు. సూది మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నిచ్చెన ఎవరు అరిచినా వాళ్ళ వైపు తిరిగి చూస్తోంది, అవతలి జట్టువాళ్ళు అరిచినా సరే.

చిన్నకోడలు మాత్రం బాగా ఆడుతోంది. ఆమె బంతిని నేలకు కొడుతుంటే కుట్టుమిషను నడిచినట్టు ఒకే లయ. ఇద్దరి మధ్య నుంచి దూరింది. నిచ్చెనకు అందించింది, నిచ్చెన వేసింది. వంటమ్మకు అందించింది. కోచక్కకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆ పిల్ల రింగు దాకా దూసుకుపోయి, గాల్లోకి లేచి, ఎటూ చూడకుండా ఎడమ మూలకు బంతి విసిరింది.

అక్కడ ఎవరూ లేరు. బంతి గీత దాటిపోయింది. కండక్టర్లు గొల్లుమన్నారు.

"చూసి ఇవ్వు," అని కోచక్క అరిచింది. చిన్నకోడలు తప్పయిందన్నట్టు చెయ్యి ఎత్తింది. కాసేపటికి మళ్ళీ అదే పని చేసింది. దూసుకుపోవడం, లేవడం, అదే ఎడమ మూలకు బంతి. అప్పుడే అటు పోదామా వద్దా అని ఆలోచిస్తున్న సూది ఉలిక్కిపడి చూసేసరికి బంతి ప్రేక్షకుల్లోకి పోయింది. గట్టు మీద ఎవరో, "అక్కడ ఎవరన్నా కనపడని మనిషి ఉన్నారేమో," అన్నారు. నవ్వులు.

మూడోసారి కూడా విసిరేసరికి కోచక్కకు ఒళ్ళు మండింది. ఈ పిల్ల కోసం నేను స్నేహితురాలితో తెగదెంపులు చేసుకున్నానా అనిపించింది. గుమాస్తాను లేవమని చెప్పడానికి బెంచీ వైపు తిరిగింది.

పెద్దకోడలు బెంచీ అంచుకు జరిగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఆ ఎడమ మూలనే చూస్తోంది.

"సరిగ్గానే వేస్తోంది," అంది.

తనతో మాట్లాడుతోందని కోచక్కకు వెంటనే తట్టలేదు. "ఏంటి?"

"బంతి. సరిగ్గా వెయ్యాల్సిన చోటే వేస్తోంది. మనిషి లేదు, అంతే." పెద్దకోడలు గొంతు వింతగా ఉంది. "అది నా చోటు. రింగు కింద ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, నేను ఎడమకు జారతాను కదా. మీరందరూ నేను వెళ్ళి నిలబడ్డాక చూసి వేస్తారు. అప్పటికి ఎవరో ఒకరు మీదికి వచ్చేస్తారు. ఇది నేను కదలకముందే వేస్తోంది. అక్కడికి వెళతానని దానికి తెలుసు."

"ఎలా తెలుసు? మీరిద్దరూ ఒక్కసారి కూడా కలిసి ఆడలేదు కదా."

పెద్దకోడలు తాను కూర్చున్న బెంచీ చివరను చేత్తో ఒకసారి తడిమింది.

"ఇక్కడ కూర్చుని నన్నే చూసింది. ఇన్నాళ్ళూ."

కోర్టులో విజిల్ మోగింది. ఎవరిదో ఫౌల్. పెద్దకోడలు కోటు విప్పి బెంచీ మీద పడేసింది.

"నన్ను దించు."

"ఆమె ఉన్నప్పుడు దించొద్దన్నావుగా," అంది కోచక్క. అనకుండా ఉండలేకపోయింది.

"అన్నాను. దించవే."

సూదిని బయటికి పిలిచారు. అంత సంతోషంగా బెంచీకి పరుగెత్తుకొచ్చిన ఆటగత్తెను ఆ హాల్లో ఎవరూ చూసి ఉండరు. పెద్దకోడలి అరచేతిని రెండు చేతులతోనూ తట్టింది. పెద్దకోడలు లోపలికి వెళ్ళి తన చోట నిలబడింది. చిన్నకోడలు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, బంతి అందుకుంది.

ఆ తర్వాత జరిగింది కోచక్క చాలా రోజులు, కనపడిన ప్రతివాళ్ళకూ, చేతులు తిప్పుతూ చెప్పింది.

చిన్నకోడలు దూసుకుపోయింది. ముగ్గురు కండక్టర్లు "ఆపు, ఆపు" అంటూ మీద పడ్డారు. ఆమె లేచి, చూడకుండా ఎడమ మూలకు వేసింది. ఈసారి అక్కడ రెండు చేతులు సిద్ధంగా ఉన్నాయి. బంతి రింగు అంచు తాకకుండా జారింది. ఇందాక నవ్వినవాళ్ళే గట్టు మీద లేచి నిలబడ్డారు. మళ్ళీ అదే. మూడోసారికి కండక్టర్లు తెలివి తెచ్చుకుని ఇద్దరు ముందే ఎడమ మూలకు పరుగెత్తారు. పెద్దకోడలు అటు పోతున్నట్టే పోయి, సగంలో ఆగి, వెనక్కి రింగు కిందికి వచ్చింది. బంతి అప్పటికే అక్కడికి వచ్చేసింది.

కండక్టర్లు అరుస్తూనే ఉన్నారు. ఎవరెటు పోతున్నారో, ఎవరిని ఎవరు చూసుకోవాలో వాళ్ళ అరుపుల్లోనే తెలిసిపోతోంది. వీళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేదు. సైగ కూడా లేదు. ఏం చేయబోతున్నారో పట్టుకోవడానికి అవతలివాళ్ళకు ఆధారం లేదు. వాళ్ళ కెప్టెను చివరికి రిఫరీ దగ్గరికి వెళ్ళి, "వీళ్ళు మాట్లాడుకోవడం లేదండీ," అని ఫిర్యాదు చేసింది. అందుకు ఫౌల్ లేదన్నాడాయన.

కోచక్క చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. విజిల్ తాడు వదిలేసి, చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. వంటమ్మ, నిచ్చెన కూడా ఆ ఊపులో పడిపోయారు. ఖాళీ ఉన్న చోటికి వెళ్ళి నిలబడితే చాలు, బంతి అదే వస్తుందని వాళ్ళకు నమ్మకం కుదిరింది. డ్రైవరమ్మ జన్మలో మొదటిసారి ఎడమ చేత్తో వేసి, వేశాక తన చేతినే చూసుకుంది.

ఆట ఇక ముగుస్తుందనగా లాండ్రీ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి పెద్దకోడలి దగ్గరికి వచ్చింది. ఇద్దరు ఆమెను చుట్టేశారు. హాలంతా ఆమె వెయ్యాలని అరుస్తోంది. కోచక్క కూడా వెయ్యి వెయ్యి అనే అరిచింది. పెద్దకోడలు వెయ్యడానికే చేతులు ఎత్తింది. ఎత్తిన చేతులతోనే, తల తిప్పకుండా, బంతిని చెవి పక్కనుంచి వెనక్కి వదిలేసింది. దుప్పటి కొసలు అందించినట్టు అందించింది. చిన్నకోడలు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బంతి కిందికి వచ్చి, అందుకుని, రెండడుగులు వేసి, బోర్డుకు మెత్తగా తగిలించి వేసింది.

గెలిచారు. వంటమ్మ ఈసారి నిచ్చెనను నిజంగానే ఎత్తేసింది. సూది అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ గోలలో పెద్దకోడలూ చిన్నకోడలూ రెండడుగుల దూరంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. ఒకరు నుదురు తుడుచుకున్నారు. ఇంకొకరు వంగి, ఊడని బూటు తాడు ఊడదీసి మళ్ళీ కట్టుకున్నారు.

లాండ్రీ వ్యాన్లో అందరూ కలిసే బయలుదేరారు. సీట్లు రెండే. మిగతావాళ్ళంతా వెనక, మర్నాడు ఆస్పత్రికి చేరాల్సిన ఉతికిన దుప్పట్ల మూటల మీద సర్దుకుని కూర్చున్నారు. అత్తగారికి అన్నిటికన్నా మెత్తని మూట ఇచ్చారు. చెరో పక్కన కోడళ్ళు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. వెనక తలుపు సందులోంచి పడి మూటల మీద అటూ ఇటూ ఊగుతోంది. ముందు సీట్లో ఉన్న కోచక్క వెనక్కి తిరిగి, సంతోషం పట్టలేక, అప్పుడే ఫైనల్ సంగతి ఎత్తింది.

"వచ్చే ఆదివారం మొదటి అయిదుగురూ..."

"నన్ను మొదట దించకు," అంది పెద్దకోడలు.

మళ్ళీ మొదటికొచ్చిందా అనుకుంది కోచక్క.

"కోపం కాదే. బయట కూర్చుంటే ఆట బాగా కనపడుతోంది. అవతలివాళ్ళు ఎక్కడ లోపంగా ఉన్నారో చూసుకుని దిగుతా. మొదట దాన్నే దించు."

"ఎందుకు తర్వాత?"

ఆ మాట అన్నది చిన్నకోడలు. అత్తగారిని అడగమనలేదు, కోచక్కతో అనలేదు. అత్తగారి తల మీదుగా, తిన్నగా పెద్దకోడలి మొహంలోకి చూసి అంది.

పెద్దకోడలు రెప్పలార్పింది. "చెప్పాను కదా, చూసుకుని దిగుతానని."

"మీరు వచ్చేదాకా నేను బంతి ఎవరికివ్వాలక్కా? గోడకా?"

"ఇవాళ మూడుసార్లు గోడకే ఇచ్చావుగా. ఇంకో రెండు ఇవ్వు."

"నవ్వింది ఎవరిని? మిమ్మల్నా, నన్నా?"

"నన్ను నవ్వినట్టే. నా చోటు ఖాళీగా ఉంటే నాకు సిగ్గు కాదూ?"

"మరి సిగ్గయినప్పుడు మొదటి నుంచే రావాలి. లేదంటే నేనూ బెంచీ మీదే కూర్చుంటా మీ పక్కన. ఇద్దరం కలిసి దిగుదాం."

"బాగుంది. అయిదుగురి ఆట ముగ్గురితో మొదలుపెడుతుందా మీ కోచక్క?"

"నేను మొదట దిగనంటే దిగను," అంది సూది కంగారుగా. ఎవరూ వినిపించుకోలేదు.

"నీకు పెద్దవాళ్ళు చెబితే వినే అలవాటే లేదు," అంది పెద్దకోడలు.

"మీరు నాకు చెప్పి ఎన్నాళ్ళయింది వినడానికి?"

పెద్దకోడలు ఇంకా గట్టిగా మొదలుపెట్టింది. చిన్నకోడలు అంతకన్నా గట్టిగా అందుకుంది. మొదట ఎవరు దిగాలన్న దగ్గర్నుంచి, బంతి ఎత్తుగా వెయ్యాలా తక్కువగా వెయ్యాలా అన్నదాకా, అక్కడి నుంచి రోలర్ దగ్గర ఎవరు ముందు విదిలించారన్నదాకా పోయింది. మాటల్లో పడి ఒకరి మోచేయి ఒకరు పట్టుకుని లాగుతున్నారు.

ఎవర్ని మొదట దించాలో తేల్చాల్సింది తనేనని కోచక్కకు గుర్తొచ్చింది. చెప్పబోయి మానుకుంది. మధ్యలో ఉన్న అత్తగారు చెరో చెవిలో చెరొకరు అరుస్తుండగానే దిండును మెడకింద సర్దుకుని, కళ్ళు మూసుకుంది. చూస్తుండగానే ఆవిడ నోరు కాస్త తెరుచుకుంది. హాయిగా నిద్రపోయింది.

కోడళ్ళ వీధి మలుపు వచ్చింది. డ్రైవరమ్మ వేగం తగ్గించి, తిప్పనా అన్నట్టు కోచక్క వైపు చూసింది.

కోచక్క వెనక్కి ఒకసారి చెవి ఒగ్గి, వద్దన్నట్టు తల ఊపింది. డ్రైవరమ్మ నవ్వాపుకుంటూ గేరు మార్చింది. వ్యాను మలుపు దాటి, తిన్నగా, ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు ఎక్కింది.